ఆదివారం సైకిల్ రైడ్ మూడు వారాలకే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: మాది అమలాపురం పక్కనే ఒక పల్లె. పదకొండు మందిమి కలిసి ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిళ్ళ మీద వెళ్దామని మొదలుపెట్టాం. నలుగురికి గేర్ సైకిళ్ళున్నాయి, మిగతావి మామూలువి. డిగ్రీ చదివే అమ్మాయిలిద్దరు, రిటైరైన మాస్టారొకరు కూడా ఉన్నారు. మొదటివారమే రావులపాలెం దాకా వెళ్ళొచ్చాం. రెండోవారం ముందువాళ్ళు ముందే వెళ్ళిపోయారు. వెనక ఒకాయనకి పంక్చరైతే గంటసేపు ఎవరికీ తెలియలేదు. మూడోవారం కాలువ గట్టు రోడ్డు మీద ఒక అమ్మాయి తారు అంచు దిగి పడిపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది. నాలుగోవారానికి మిగిలింది ముగ్గురం. అందరికీ తొక్కడం బాగా రావాలన్నదే మా కోరిక. మళ్ళీ ఎలా మొదలుపెట్టమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో చిక్కంతా 'మొదటివారమే రావులపాలెం దాకా' అన్న ఒక్క మాటలో ఉందండి. రానూ పోనూ అరవై కిలోమీటర్లు దాటే దూరం అది. రోజూ తొక్కేవాళ్ళకి సరదాగా ఉంటుంది. పదేళ్ళ తర్వాత సైకిలెక్కినవాళ్ళకి మాత్రం ఆ రోజు నేర్పేది ఒకటే: నడుం నొప్పి. మీరు పెట్టాలనుకున్నది తొక్కడం నేర్చుకునే రైడ్, పెట్టింది దూరం వెళ్ళే రైడ్. ఈ రెండింటికీ దారి వేరు, వేగం వేరు, ముందు నిలబడే మనిషి కూడా వేరు.

లెక్క చూడండి. అలవాటున్నవాళ్ళు గేర్ సైకిల్ మీద గంటకి 25 కిలోమీటర్లు తేలిగ్గా పోతారు. మాస్టారు మామూలు సైకిల్ మీద 14కి మించి పోరు, పోనక్కర్లేదు కూడా. అరగంటయ్యేసరికి ఇద్దరికీ మధ్య ఐదున్నర కిలోమీటర్లు. పంక్చరైన మనిషి ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది? కాబట్టి మొదటి నియమం ఇలా పెట్టుకోండి: అందరిలో నిదానంగా తొక్కేవారి వేగమే రైడ్ వేగం. ముందు వెళ్ళేవారు స్పీడు చూసుకోవడం మాని, వెనక మాట్లాడుకుంటున్న మాటలు వినపడుతున్నాయో లేదో చూసుకోవాలి. చివరివారు పక్కవారితో ఆయాసం లేకుండా ఒక వాక్యం పూర్తి చేయగలిగితే వేగం సరిపోయినట్టు.

మరి ఆ గేర్ సైకిళ్ళ నలుగురూ ఊరుకుంటారా? ఊరుకోరు, వాళ్ళ కాళ్ళు లాగుతుంటాయి. అందుకే దారిని పోయి వచ్చేదిగా కాకుండా చుట్టుగా పెట్టుకోండి. 12 నుంచి 15 కిలోమీటర్ల చుట్టు, మొదలైన చోటే ముగిసేది. మొదటి చుట్టు అందరూ కలిసి. అది అయ్యాక చాలనుకున్నవాళ్ళు ఇళ్ళకి వెళ్తారు, కావాలనుకున్నవాళ్ళు రెండో చుట్టు తమ వేగంతో తిరుగుతారు. మొదటి చుట్టులో ఆ నలుగురికీ తప్పకుండా పని అప్పజెప్పండి. బాగా వచ్చినవారిని ఎప్పుడూ చివర పెట్టాలి. చాలా గ్రూపులు తలకిందులు చేసేది ఇక్కడే: గట్టివాడు ముందు, కొత్తవాడు చివర. చివరి మనిషి చేతిలో పంపు, ట్యూబు, ఫోను ఉంటాయి, వెనక నుంచి వచ్చే బండిని ముందు చూసేదీ అతనే. ఆ మనిషిని దాటి ఎవరూ వెనక్కి పడకూడదు. ముందు మనిషి ప్రతి మలుపు దగ్గరా ఆగి, చివరి మనిషి కనపడ్డాకే కదలాలి. బయల్దేరేటప్పుడు, సగం దారిలో, ముగిశాక మూడుసార్లు తలలు లెక్కపెట్టండి. ఎనిమిది మంది దాటితే రెండు జట్లు చేసి, మధ్య మూడు నిమిషాలు ఎడం ఇవ్వండి. ప్రతి జట్టుకీ ముందొకరు, చివరొకరు.

చుట్టు ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఎప్పుడూ ఎడమకే తిరిగేలా చుట్టు ఉంటే ఎదురొచ్చే బండ్లకి అడ్డం పడి దాటే పని తప్పుతుంది. రెండోది మన ప్రాంతానికి ప్రత్యేకం: గట్టు రోడ్డు మీద పోయేటప్పుడు కాలువ మీ కుడి పక్కన, చేలు ఎడమ పక్కన ఉండాలి. ఎడమ పక్క కాలువ ఉంటే అదుపు తప్పినవారు పోయేది నీళ్ళలోకే, అక్కడ పిట్టగోడ ఉండదు. ఈ రెండూ కుదరని చోట కాలువ సంగతికే పెద్దపీట వేయండి. 216 జాతీయ రహదారి మీదికి తొలి రెండు నెలలు వద్దు. అంబాజీపేట వైపో, అల్లవరం వైపో ఊళ్ళని కలిపే లోపలి రోడ్లు చాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన ఈ కాలువల్ని పడవలు నడవడానికి కూడా కట్టారు. అందుకే గట్లు అంత మట్టంగా, తిన్నగా పోతాయి, నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి నేల దొరకదు. ఒక్క లాకుల (కాలువ నీటిని ఆపి వదిలే తలుపులు) దగ్గరే ఇరుకు, ఎక్కుడు, గుడ్డి మలుపు మూడూ ఒకేచోట వస్తాయి. అక్కడ దిగి నడిపించుకుపోవడం నామోషీ కాదని మొదటిరోజే చెప్పేయండి.

ఇక ఆ అమ్మాయి పడిన సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డెల్టా రోడ్ల మీద కొత్తవాళ్ళు పడేది ఎక్కువగా ఇలాగే. రోడ్డు మీద పొర మీద పొర వేసీ వేసీ తారు అంచు పక్క మట్టికంటే రెండు మూడు అంగుళాలు ఎత్తయిపోతుంది. వెనక హారన్ మోగుతుంది, కొత్త మనిషి బెదిరి ఎడమకి జరుగుతారు, ముందు చక్రం అంచు దిగుతుంది. అప్పటిదాకా ఏమీ కాలేదు. మరుక్షణం మనిషి చేసే పని హ్యాండిల్ కుడికి తిప్పి మళ్ళీ రోడ్డెక్కబోవడం. చక్రం ఆ అంచు వెంబడే పోతోంది కాబట్టి అది ఎక్కదు, అంచుని రాసుకుంటూ అక్కడే ఉండిపోతుంది. ఒళ్ళు మాత్రం అప్పటికే కుడికి వాలింది. వాలిన ఒంటి కిందికి చక్రం రాలేదు, మనిషి కుడి పక్కకే పడతారు, అంటే రోడ్డు మీదికే, వెనక వస్తున్న బండి ముందుకే. మోచేత్తో పోయింది, అదృష్టం.

చక్రం దిగితే దిగనివ్వాలి. హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, తొక్కడం ఆపి, వెనక బ్రేకు నెమ్మదిగా నొక్కి, మట్టి మీదే ఆగి, ఎడమ కాలు కింద పెట్టి, సైకిలెత్తి రోడ్డు మీద పెట్టుకోవాలి. అంతే. దీన్ని మాటలతో చెబితే ఎక్కదు. రెండంగుళాల మందమున్న సెంట్రింగ్ చెక్క ఒకటి నేల మీద పరచండి. ఒక్కొక్కరినీ సైకిల్ చేత్తో నడిపించుకుంటూ ముందు చక్రాన్ని చెక్క వెంబడే తెచ్చి కాస్త వాలుగా ఎక్కించమనండి. చక్రం గీసుకుంటూ జారిపోవడం చేతికి తెలుస్తుంది. తర్వాత చెక్కకి అడ్డంగా, నిటారుగా ఎక్కించమనండి, ఇట్టే ఎక్కేస్తుంది. ఐదు నిమిషాల పని, జన్మలో మర్చిపోరు. వంతెనల మీద అతుకుల సందులు, భీమవరం నరసాపురం వైపు రైలు గేట్ల దగ్గర పట్టాలు, ఇవన్నీ అదే సూత్రం: నిటారుగా దాటాలి, వాలుగా దాటకూడదు.

అసలు అంచు దిగకుండా ఉండాలంటే అంచుకి రెండు మూరలు లోపల తొక్కాలి. అంచు పట్టుకుని పోతే క్షేమమని కొత్తవాళ్ళు అనుకుంటారు. అలా పోయేవాళ్ళనే బండ్లవాళ్ళు సందులోంచి దూరి దాటేస్తారు, పైగా తప్పుకోవడానికి ఎడమ పక్క చోటుండదు. రెండు మూరలు లోపలుంటే వెనకవాడు వేగం తగ్గించి ఆలోచించి దాటుతాడు, తప్పుకోవలసి వస్తే మనకీ చోటుంటుంది.

మీరు ఏ వారం ఏం నేర్పాలో ముందే అనుకోండి, వారానికి ఒక్కటే. బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు హైస్కూలు గ్రౌండులో ఆ పని, తర్వాత చుట్టులో అదే పని. అంతకుమించి పెడితే ఏదీ ఒంటబట్టదు.

తిన్నగా పోతూ వెనక్కి చూడటంతో మొదలుపెట్టండి. సున్నంతో పది మీటర్ల గీత గీయండి. గీత మీద పోతూ కుడి భుజం మీంచి వెనక్కి చూసి, వెనక నిలబడ్డవారు ఎన్ని వేళ్ళు చూపించారో చెప్పాలి. తల తిరిగినవైపే చేతులు కూడా తిరగడం మనిషి నైజం, అందుకే చూసిన ప్రతిసారీ సైకిల్ కుడికి రోడ్డు మధ్యకి పోతుంది. గడ్డం భుజానికి ఆనించి, మోచేతులు వదులుగా పెట్టుకుంటే పోదు. మొదటిరోజు సగం మందికి రాదు, రెండోవారం మళ్ళీ ఇదే చేయించండి. ఇది రానివాళ్ళని వరసలో తొక్కించకూడదు.

తర్వాత బ్రేకు. మన దగ్గర చాలా సైకిళ్ళకి కుడి చేతిది ముందు బ్రేకు, అయినా ఎవరిది వాళ్ళు నొక్కి చూసుకోవాలి. ముందు బ్రేకు వేస్తే ఎగిరి పడతామన్న భయంతో చాలామంది దాన్ని ముట్టరు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది, కాబట్టి గట్టిగా ఆపగలిగేది ముందు బ్రేకే. ఎగిరి పడేది ఒక్కసారిగా బిగబట్టినప్పుడు, చేతులు వదులుగా ఉన్నప్పుడు. నడుం వెనక్కి జరిపి, చేతులు నిటారుగా బిగించి, రెండు బ్రేకులూ కలిపి మెల్లమెల్లగా బిగిస్తూ రమ్మనండి. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. అంటే గుంత చూసి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే ఐదు మీటర్లు గడిచిపోతాయి. గ్రౌండులో ఒక సీసా పెట్టి, అది దాటగానే ఆపమని, ఎక్కడ ఆగారో గీత గీయండి. నాలుగోసారికి గీత వెనక్కి వస్తుంది, వాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు. ఇనప రిమ్ములున్న సైకిళ్ళవాళ్ళకి ఇంకో మాట: వాన తడికి ఆ రిమ్ము మీద బ్రేకు కట్ట జారుతుంది, చక్రం మొదటి రెండు మూడు చుట్లు తిరిగేదాకా దాదాపు పట్టదు. తడిలో ముందే తేలిగ్గా ఆనించి రిమ్ము తుడుచుకున్నాక బిగించాలి.

మూడోది వరస. ముందు సైకిలుకీ మీకూ రెండు సైకిళ్ళ పొడవు ఎడం, అలవాటయ్యాక ఒకటి. మీ ముందు చక్రం ఎప్పుడూ ముందువారి వెనక చక్రం పక్కకి చేరకూడదు. ముందువారు గుంత తప్పించడానికి జానెడు పక్కకి జరిగితే చాలు, వాళ్ళ వెనక చక్రం మీ ముందు చక్రాన్ని తోస్తుంది. వాళ్ళకి ఏమీ కాదు, పడేది మీరే. దీనితోపాటు కేకలు నేర్పండి, ఐదు చాలు: 'గుంత', 'నిదానం', 'ఆగు', 'వెనక బండి', 'ఎదురు బండి'. ముందు మొదలైన కేకని ఒక్కొక్కరూ వెనక్కి అందించాలి, వెనక బండి కేక మాత్రం వెనక నుంచి ముందుకి పోవాలి. పది మంది పది మాటలు కనిపెడితే పనికిరాదు. చెయ్యి చూపడం వచ్చినవాళ్ళకి మంచిదే, ఒంటిచేత్తో తొక్కడం రానివాళ్ళు కేక వేస్తే చాలు. ఇరుకు గట్ల మీద ఒకరి వెనక ఒకరే, కబుర్లకి జంటగా పోవడం కుదరదు.

నాలుగోది కాళ్ళ లయ. గేర్ సైకిల్ కొత్తగా కొన్నవాళ్ళందరూ బరువు గేరులో పెట్టి, నూతిలోంచి నీళ్ళు తోడినట్టు ఒక్కో తొక్కూ ఈడుస్తుంటారు. మోకాలి చిప్ప కింద నొప్పి అక్కడే మొదలవుతుంది. కుడి మోకాలు పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టించి నాలుగు పెట్టి గుణించండి. 70కి తక్కువైతే ఒక గేరు తేలిక చేయాలి. 75 నుంచి 85 మధ్య నిలబడితే గంట తొక్కినా కాళ్ళు తేలిగ్గా ఉంటాయి. సీటు పొందిగ్గా లేకపోతే ఈ లయ రాదు: సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మునివేళ్ళ వెనక భాగం పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే కావాలి. రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు దించేసుకోవడం మన ఊళ్ళలో బాగా అలవాటు. మాస్టారిది కూడా బహుశా అలాగే ఉంటుంది, ఒకేసారి కాకుండా వారానికి అరంగుళం చొప్పున పెంచండి.

కొండలు లేవు, ఎక్కుళ్ళు ఎలా నేర్చుకోవాలని మీవాళ్ళు అడుగుతారు. మనకి గాలే కొండ. తెల్లవారుజామున పలచగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ సముద్రం మీంచి లేస్తుంది. చుట్టు మొదట్లో ఎదురుగాలి, తిరుగు దారిలో వెనకగాలి వచ్చేలా చూసుకోండి. ఎదురుగాలిలో ముందువారి చాటున పోవడం ఎంత తేలికో కొత్తవాళ్ళకి ఒకసారి చూపిస్తే వరసలో ఉండమని మళ్ళీ చెప్పనక్కర్లేదు. ముందువారిని రెండు నిమిషాలకొకసారి మార్చండి. చివరి మనిషి 'ఖాళీ' అన్నాకే ముందువారు కొంచెం కుడికి జరిగి తొక్కడం తగ్గించాలి. మిగతావాళ్ళు ఉన్న గీతలోనే తిన్నగా ముందుకి పోతారు. కొత్తవాళ్ళని పక్కకి జరగమనే కంటే జరిగే పని వచ్చినవారికే అప్పజెప్పడం మంచిది. రెండో కొండ వంతెన. బోడసకుర్రు దగ్గర వైనతేయ పాయ మీదిది, ఎదుర్లంక దగ్గర గౌతమి పాయ మీదిది రెండూ 216 మీదే ఉన్నాయి కాబట్టి, కేకలూ వరసా బాగా వచ్చాక, రెండో నెల దాటాక, తెల్లారగానే. ఎక్కకముందే గేరు తేలిక చేయాలి, మధ్యలో కాదు. గేర్లు లేనివాళ్ళు పాములా మెలికలు తిరుగుతూ ఎక్కకూడదు, దిగి నడవాలి. లారీ దాటినప్పుడు గాలి ముందు బయటికి తోసి వెంటనే లోపలికి లాగుతుంది. నది మీద అడ్డగాలి కూడా ఉంటుంది. చేతులు బిగించకుండా, ఎడం పెంచుకుని పొమ్మనండి.

పంక్చర్ వేయడం ఒక ఆదివారం పూర్తిగా పెట్టండి, ఆ రోజు చుట్టు లేకపోయినా ఫర్వాలేదు. గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మముళ్ళు మామూలే. చాలామంది ట్యూబు మార్చి పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోయిందంటారు, కారణం ముల్లు టైరులోనే ఉండిపోవడం. టైరు ఒక పక్కే విప్పి, ట్యూబు లాగేముందు వాల్వు ఎక్కడుందో టైరు మీద గుర్తు పెట్టుకోండి. ట్యూబుకి గాలి కొట్టి చిల్లి వాల్వుకి ఎంత దూరంలో ఉందో కొలిస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆపైన టైరు లోపల పాత గుడ్డ తిప్పండి. వేలు తిప్పితే తెగుతుంది, గుడ్డయితే ముల్లుకి పట్టుకుంటుంది. పక్కపక్కన రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గతుకులో రిమ్ము నొక్కేసింది. అతుకు వేసేటప్పుడు తొందర పనికిరాదు: సాండ్ పేపరుతో గీకి, సొల్యూషన్ అతుకు కంటే వెడల్పుగా పలచగా రాసి, నాలుగైదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతుకు వేసి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగా అంటిస్తే ఎండ వేడికి జారిపోతుంది. టైరు చేతులతోనే ఎక్కించండి, లివరుతో పొడిస్తే కొత్త ట్యూబూ చిరుగుతుంది. గాలి పూర్తిగా కొట్టేముందు రిమ్ము చుట్టూ చూసి, ట్యూబు ఎక్కడా టైరు కింద నలగలేదని నమ్మకం చేసుకోవాలి.

గాలి లెక్క ప్రతి టైరు పక్కన అచ్చువేసే ఉంటుంది. లావు టైరు గేర్ సైకిళ్ళకి సుమారు 40 నుంచి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), మధ్యరకం హైబ్రిడ్ టైర్లకి 50 నుంచి 70, సన్నటి రోడ్డు సైకిల్ టైర్లకి 80 నుంచి 100. మీ పదకొండు సైకిళ్ళలో వాల్వులు కనీసం రెండు మూడు రకాలుంటాయి: మామూలు సైకిళ్ళది, మోటార్ సైకిలుకుండేలాంటిది, రోడ్డు సైకిళ్ళకుండే సన్నది. అన్నిటికీ పట్టే పంపు ఉందో లేదో ఇంటి దగ్గరే చూడండి. చివరి మనిషి సంచిలో ఆ పంపు, వచ్చిన సైకిళ్ళ సైజుల్లో ఒక్కో ట్యూబు, టైరు లివర్లు రెండు, అతుకుల డబ్బా, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, మామూలు సైకిళ్ళ ఇరుసు నట్లకి పట్టే స్పానర్, మామూలు వాల్వుల్లో వేసే రబ్బరు ముక్కలు, గాయానికి దూది, గాజ్ గుడ్డ, ప్లాస్టర్ ఉండాలి. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వేయండి. సగం పొట్లం గ్లాసులో కలిపి తాగించకూడదు, లీటరుకి ఒకటి అంటే ఒకటే.

చైను గురించి కోనసీమవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి: ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి. చలికాలం పొద్దున్న 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో దుమ్ము పట్టి జిగురవుతుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చైను నూనె గానీ కుట్టుమిషను నూనె గానీ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది, రెండు వారాలకోసారి తప్పదు.

అమ్మాయిల చున్నీ భుజాల మీంచి నడుముకి గట్టిగా ముడి వేసుకోవాలి, ప్యాంటు కుడి కాలు చైను దగ్గర రబ్బరు బ్యాండుతో బిగించాలి. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి, వెనక్కి వాలిస్తే నుదురు కాపాడదు. లేనివారు చుట్టుకి రాకుండా గ్రౌండు వరకే రావాలన్నది మా సలహా, ఈ ఒక్కదాంట్లో మొహమాటం వద్దు. పడినవారు తల తగిలించుకుని తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా మళ్ళీ సైకిలెక్కించకండి, 108కి ఫోన్ చేయండి. కుక్కలు వెంటపడితే వేగం పెంచితే ఇంకా తరుముతాయి. ఆగి, దిగి, సైకిల్ అడ్డంపెట్టుకుని గట్టిగా అదిలిస్తే చాలావరకు వెనక్కి పోతాయి. పన్ను దిగితే, చిన్న గీటైనా సరే, సబ్బూ ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలి.

కాలాన్ని బట్టి వేళ మారాలి. మే నెలాఖరులో ఐదున్నరకే తెల్లారుతుంది, ఏడున్నరకల్లా ఇంటికి చేరాలి. జనవరిలో ఆరున్నర దాటాకే సూర్యుడొస్తాడు, మంచు పట్టిన రోజు ఏడింటికి బయల్దేరండి, వెనక ఎర్ర లైటు లేని సైకిల్ రోడ్డెక్కకూడదు. సార్వా (ఖరీఫ్) కోతలకీ దాళ్వా (రబీ) కోతలకీ గట్ల మీద ధాన్యం ఆరబోస్తారు. గింజ మీద చక్రం ఇసక మీద పోయినట్టు జారుతుంది, గడ్డి పోచలు గేర్లలో చుట్టుకుంటాయి. అంతకంటే ముఖ్యం, అది రైతు కష్టం, దాని మీంచి తొక్కకూడదు. చుట్టూ పెట్టిన రాళ్ళు కూడా చూసుకోవాలి. ఆ మూడు నాలుగు వారాలకి వేరే చుట్టు ముందే అనుకోండి. కొబ్బరికాయల దింపు జరుగుతున్న తోట పక్కన ఆగి, పైనున్న మనిషికి కేకేసి, సరే అన్నాకే దాటాలి. తడి కొబ్బరిమట్ట మీద బ్రేకు అస్సలు వేయకూడదు. గోదావరి వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వినపడిందంటే లంకల (ఏటి మధ్య దిబ్బలు) వైపు కాజ్‌వేలు, ఏటిగట్లు ఆ వారం వదిలేయండి. కాజ్‌వే మీద నీరు పాదం మునిగేంతే ఉన్నా కింద రోడ్డుందో కోసుకుపోయిందో పైకి తెలియదు.

పన్నెండో వారం దాకా వచ్చినవాళ్ళని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సైకిళ్ళు వేసుకుని ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి దాటించండి, వాళ్ళకి అదే పండుగ. పంటు నడుస్తోందో లేదో ముందురోజు రేవులో అడగండి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు చెక్క తడిగా ఉంటుంది, నడిపించుకునే వెళ్ళాలి.

మానేసిన ఎనిమిది మందికీ ఫోన్ చేయండి, ముందుగా పడిన అమ్మాయికి, తర్వాత పంక్చరైన ఆయనకి. ఈసారి ఎవరినీ వదిలి వెళ్ళం అని మాటివ్వండి. శనివారం సాయంత్రం ఆరింటికి వాట్సాప్‌లో పెట్టే కబురు ప్రతివారం ఒకేలా ఉండాలి, ఇలా: 'రేపు పొద్దున్న 5:45కి హైస్కూలు గ్రౌండు. 20 నిమిషాలు వెనక్కి చూడటం, తర్వాత 12 కిలోమీటర్ల చుట్టు, అందరూ కలిసే. గాలి ఈ రాత్రే కొట్టించుకోండి. హెల్మెట్, లీటరు నీళ్ళు. ముందు ఫలానావారు, చివర ఫలానావారు. వాన పడితే గ్రౌండు షెడ్డులో పంక్చర్ వేయడం. 7:30కి ఇంటికి.' వాన పడినా మనుషులు కలిసే పని ఒకటి ఆ కబురులో ఎప్పుడూ ఉంచండి. ఒక్క ఆదివారం రద్దయితే మరుసటివారం సగం మంది తగ్గుతారు.